గుడ్లు పెట్టే రోజు కోసం ట్యాంకు: ఆఫ్రికన్ డ్వార్ఫ్ సిక్లిడ్లకు తోడు చేపలు

(విజయవాడలో అక్వేరియం పెంపకందారుల ఎదుట చేసిన ప్రసంగం, చివర్లో సభికుల ప్రశ్నలతో)

అందరికీ నమస్కారం. విజయవాడ వాళ్ళతో పాటు గుంటూరు, తెనాలి, మంగళగిరి నుంచి కూడా వచ్చారు, చాలా సంతోషం. ఊరు మారితే నీళ్ళు మారతాయి, ఎండ మాత్రం అందరికీ ఒకటే. ఆ నీళ్ళూ ఈ ఎండా ఇవాళ మాటిమాటికీ ప్రస్తావనకు వస్తాయి.

ఆఫ్రికన్ డ్వార్ఫ్ సిక్లిడ్లతో, అంటే గుడ్లనూ పిల్లల్నీ కాపలా కాసే ఆఫ్రికా చిన్న చేపలతో, ఏ చేపలు కలిసి ఉంటాయి అని అడిగితే ఎవరైనా ఒక జాబితా ఇస్తారు. ఆ జాబితా పట్టుకుని షాపుకు వెళ్తే రెండు మూడు నెలలు అంతా బాగానే ఉంటుంది. ఆ తర్వాత క్రిబెన్సిస్, అంటే మనం క్రిబ్ అని పిలుచుకునే చిన్న సిక్లిడ్లు, జోడీ కడతాయి, ఏదో ఒక రాత్రి ముంతలో గుడ్లు పెడతాయి. తెల్లారేసరికి మిగతా చేపలన్నీ పై మూలలో గుమిగూడి ఉంటాయి. చేపలేమీ చెడిపోలేదు. తల్లీతండ్రీ తమ పని తాము చేసుకుంటున్నాయి. అందుకని తోడు చేపను కొనేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: పిల్లల్ని కాపలా కాసే ఆ ఐదారు వారాలూ ఈ చేప ట్యాంకులో ఎక్కడ ఉంటుంది? పక్కకు తప్పుకోవడానికి దానికి చోటుందా? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే మిగతా జాబితా మీరే రాసుకోగలరు.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. షాపులో అద్దం మీద 'ఆఫ్రికన్ సిక్లిడ్' అని రాసి ఉంటే అవి సాధారణంగా మలావి సరస్సు ఎంబూనాలు. ఎలక్ట్రిక్ ఎల్లో, డెమాసోని, ఆరాటస్, ఇవన్నీ ఆ కోవవే. కొన్నప్పుడు రెండంగుళాలు ఉంటాయి కాబట్టి చిన్న చేపలే అనిపిస్తుంది. రాళ్ళ మీద పాకుడు గీక్కుని తింటూ, పగలంతా ఒకదాన్నొకటి తరుముకుంటూ బతికే చేపలు అవి. దెబ్బలన్నీ ఒక్కదాని మీదే పడకుండా వాటిని కావాలనే కిక్కిరిసేలా పెంచుతారు. ఇవాళ మనం మాట్లాడుకునే చేపలకు ఆ పద్ధతి పూర్తిగా చేటు. వీటికి జనం తక్కువ, నేల ఎక్కువ కావాలి. ఎంబూనానూ క్రిబ్‌నూ ఒకే ట్యాంకులో వేయకండి. ఒకే ఖండం నుంచి వచ్చాయన్న చుట్టరికం ట్యాంకులో పని చేయదు. రామిరేజీ, అపిస్టోగ్రామా అయితే ఆఫ్రికావే కావు, దక్షిణ అమెరికా చేపలు. అవీ నేలమీద హద్దులు గీసుకునేవే కాబట్టి ఒక ట్యాంకులో రెండు రకాల నేలయజమానులు అవుతారు.

మనకు కావాల్సినవి రెండు గుంపులు. మొదటిది పశ్చిమ ఆఫ్రికా నదులూ వాగుల చేపలు. క్రిబెన్సిస్, అంటే పెల్వికాక్రోమిస్ పల్చర్, దక్షిణ నైజీరియా నుంచీ కామెరూన్ తీరం నుంచీ వచ్చింది. గినియా, సియెర్రా లియోన్, లైబీరియా వైపు ఉండే ఆఫ్రికన్ బటర్‌ఫ్లై సిక్లిడ్, అంటే అనోమలోక్రోమిస్ థామసి, కూడా ఈ గుంపుదే. కాంగో వైపు నానోక్రోమిస్ ఉన్నాయి కానీ వాటిలో కొన్ని బాగా మెత్తటి, అంటే సున్నం తక్కువున్న, పుల్లటి నీళ్ళల్లో తప్ప సుఖంగా ఉండవు. మన ఊళ్ళల్లో మొదటి చేపగా వాటి జోలికి పోవద్దనే చెబుతాను. రెండో గుంపు టాంగన్యీకా సరస్సు చేపలు. గుల్లల్లో కాపురం ఉండే మల్టీఫాసియాటస్, ఒసెల్లాటస్, రాళ్ళ సందుల్లో ఉండే జూలిడోక్రోమిస్ ఈ గుంపువి. నీళ్ళు ఎంత పుల్లగా ఉన్నాయో చెప్పే అంకె పీహెచ్, 7 కన్నా తగ్గితే పుల్లన. మొదటి గుంపుకు పీహెచ్ 6 నుంచి 7.8 దాకా సరిపోతుంది. టాంగన్యీకా నీళ్ళు 8.6 నుంచి 9.2 దాకా ఉంటాయి. ఈ రెండు గుంపుల్నీ కలపకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

ఇక మన నీళ్ళు. చాలామంది ఇంట్లో ఆర్వో ఉంది కాబట్టి నీళ్ళల్లో కరిగినవన్నీ కలిపి కొలిచే టీడీఎస్ మీటరు కూడా ఉంటుంది, దాంతో కొలిచి 'నీళ్ళు బాగున్నాయి', 'బాగాలేవు' అనేస్తారు. టీడీఎస్ 700 అని చూపిస్తే అందులో సున్నం ఎంతో, ఉప్పు ఎంతో ఆ మీటరు చెప్పదు. కృష్ణా నీళ్ళు వచ్చే మున్సిపాలిటీ కుళాయిది ఒక తీరు, గుంటూరు చుట్టుపక్కల బోరుది ఇంకో తీరు. ఒకే వీధిలో రెండు బోర్లు కూడా ఒకలా ఉండవు. చుక్కల మందుతో చూసే జీహెచ్, కేహెచ్ టెస్టు కిట్టు ఒకటి కొనండి. జీహెచ్ అంటే కాల్షియం, మెగ్నీషియంల లెక్క. కేహెచ్ అంటే పీహెచ్ ఊగకుండా పట్టి ఉంచే బైకార్బొనేట్ లెక్క. క్రిబ్‌లకు జీహెచ్ 5 నుంచి 15 మధ్య ఎక్కడున్నా ఇబ్బంది లేదు. బోరు నీళ్ళు 20 చూపిస్తే ఒక వంతు బోరు, రెండు వంతులు ఆర్వో కలపండి, ఏడు దగ్గరికి దిగుతుంది. పూర్తిగా ఆర్వో నీళ్ళే పోసేవాళ్ళకు ఎదురయ్యే చిక్కు వేరు. కేహెచ్ దాదాపు సున్నా అయిపోయి, కొన్ని వారాలకు పీహెచ్ ఉన్నట్టుండి కూలిపోతుంది. చేపలన్నీ ఒకే రోజు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే ఆక్సిజన్, అమ్మోనియాలతో పాటు దీన్నీ అనుమానించాలి. కుళాయి నీళ్ళల్లో క్లోరిన్ ఉంటుంది కాబట్టి యాంటీ క్లోరిన్ వేయకుండా ఒక్క బకెట్ కూడా పోయకండి.

నీళ్ళు చూసుకున్నాక ట్యాంకు కొలత. రెండడుగుల ట్యాంకు, అంటే పొడవు రెండు, వెడల్పు ఒకటి, ఎత్తు ఒకటి అయితే పట్టేది 56 లీటర్లు. దానిలో క్రిబ్ జోడీ గుడ్లు పెడితే నేలంతా వాటిదే, చివరి అంగుళం దాకా. ఆ సైజులో జోడీని ఒంటరిగా ఉంచాలి. మరీ కావాలంటే పైన తిరిగే చిన్న చేపలు ఆరేడు, అంతకు మించి వద్దు. కమ్యూనిటీ, అంటే రకరకాల చేపలు కలిసి ఉండే ట్యాంకు, అనే మాట వాడాలంటే మూడడుగులు ఉండాలి. మూడు, ఒకటిన్నర, ఒకటిన్నర అయితే దాదాపు 190 లీటర్లు. ఇసుక, రాళ్ళు పోను 160 మిగులుతాయి. ఇక్కడ ఎత్తు కన్నా నేల ముఖ్యం. ఎత్తుగా, సన్నగా ఉండే షోకేసు ట్యాంకు గదిలో అందంగానే ఉంటుంది, సిక్లిడ్‌కు మాత్రం దానిలో నేల మిగలదు. పిల్లలున్న జోడీ తన గుహ చుట్టూ ఒక అడుగు, ఒకటింబావు అడుగు మేర ఎవర్నీ రానివ్వదు. మూడడుగుల పొడవులో ఆ లెక్క తీసేస్తే మిగతావాళ్ళకు ఇంకా సగం పైన చోటుంటుంది.

ఆ హద్దు ఎక్కడ పడాలో మీరే నిర్ణయించవచ్చు. చాలామంది గుహలు అందంగా ఉంటాయని ట్యాంకంతా పరుస్తారు. మధ్యలో ఉన్న ముంతను జోడీ ఎంచుకుందంటే ట్యాంకు రెండు ముక్కలవుతుంది, మిగతా చేపలకు రెండు వైపులా తన్నులే. మంచి గుహలు రెండో మూడో ఒకే చివర, వెనక మూలలో పెట్టండి. చిన్న మట్టి ముంతను బోర్లించి అంచు దగ్గర కొంచెం పగలగొట్టినా చాలు, సగం కొబ్బరి చిప్ప బోర్లించినా చాలు. ద్వారం మూడు నుంచి నాలుగు సెంటీమీటర్లు, ఆడ చేప సులువుగా, మగ చేప కాస్త ఇరుగ్గా దూరేంత. ద్వారం అద్దం వైపు కాకుండా పక్క గోడ వైపు తిప్పండి. మీరు చూడటానికి కొంచెం కష్టమవుతుంది. కానీ తల్లికి గుమ్మంలోంచి కనబడే ప్రాంతం తగ్గుతుంది, కనబడని దాన్ని అది తరమదు. ఆ మూలకూ మిగతా ట్యాంకుకూ మధ్య ఒక పెద్ద దుంగ, దానికి కట్టిన అనుబియాస్, జావా ఫెర్న్, వెనక వాలిస్నేరియా గుబురు. వేళ్ళు ఇసుకలో నాటే మెత్తటి మొక్కలు వద్దు, క్రిబ్‌లు తవ్వేస్తాయి. అడుగున రంగు గులకరాళ్ళు తీసేసి రెండంగుళాల మందం కడిగిన నది ఇసుక వేయండి. నీళ్ళ పైన అంతరతామర నాలుగు మొక్కలు తేలుతుంటే వెలుతురు తగ్గి, రంగులు ముదురుతాయి. కాలవలోంచి తెచ్చుకుంటే పొటాషియం పర్మాంగనేట్ లేత గులాబీ రంగు నీళ్ళల్లో కొద్ది నిమిషాలు ఉంచి, కడిగి వేసుకోండి.

ఇప్పుడు అసలు తోడు. సిక్లిడ్ దాక్కోకుండా బయటికి రావాలంటే పైన కొన్ని చేపలు నింపాదిగా ఈదుతూ ఉండాలి. పైవాళ్ళు నిబ్బరంగా ఉన్నారంటే కొంగ గానీ పెద్ద చేప గానీ దగ్గర్లో లేదని కిందివాళ్ళకు అర్థం. ఇంకో లాభం కూడా ఉంది. కాపలా కాయడానికి ఎదురుగా ఎవరూ లేకపోతే మగ చేప ఆ కసి ఆడదాని మీద చూపించడం ఉంది. పైన గుంపు ఉంటే జోడీ కలిసి బయటివాళ్ళను అదిలిస్తాయి, తమలో తాము కొట్టుకోవు. అంటే తోడు చేపలు అలంకారానికి కాదు, జోడీ నిలబడటానికే అవసరం. వాటికి ఉండాల్సిన లక్షణాలు: పైన లేదా మధ్యలో తిరగాలి, గుంపుగా ఉండాలి, చురుగ్గా తప్పుకోవాలి, తోకలు రెక్కలు పొడుగ్గా వేలాడకూడదు, ఇతరుల రెక్కలు కొరికే బుద్ధి ఉండకూడదు, మన వేసవిని తట్టుకోవాలి.

ఈ చివరి లక్షణం దగ్గర చాలా పేర్లు ఎగిరిపోతాయి. రోజీ బార్బ్ మంచి చేపే, చల్లటి నీళ్ళది. నియాన్ టెట్రాకు కూడా వేడి పడదు. జీబ్రా డానియో శీతాకాలమంతా హుషారుగా ఉండి, మే నెలలో 32 డిగ్రీల నీళ్ళల్లో డీలా పడిపోతుంది. మనకు బాగా కుదిరేవి హార్లెక్విన్ రాస్బోరా పది పన్నెండు, లేదా లెమన్ టెట్రా పది. నీళ్ళు గట్టిగా, పీహెచ్ 7.5 దాటి ఉంటే ఇవి కాకుండా డ్వార్ఫ్ నియాన్ రెయిన్‌బో ఎనిమిది. రెయిన్‌బో గట్టి నీళ్ళల్లోనూ బాగుంటుంది, పైనే తిరుగుతుంది, వేగం ఉంది. నాలుగడుగుల ట్యాంకు ఉంటే కాంగో టెట్రా ఎనిమిది పెట్టండి, క్రిబ్‌ల పక్కన ఆ మెరుపు చూడాల్సిందే. నైజీరియా చేపే కావాలనుకుంటే ఆఫ్రికన్ రెడ్ ఐ టెట్రా ఉంది, క్రిబ్‌తో ఒకే ప్రాంతం పంచుకునే చేప. దొరకడం తక్కువ, దొరికితే వదలకండి. ప్లాటీలు గట్టి నీళ్ళల్లో హాయిగా ఉంటాయి. వాటి పిల్లల్ని క్రిబ్‌లు తింటాయి, సంఖ్య అదుపులో ఉంటుంది.

వద్దనే చేపల గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే నష్టమంతా ఇక్కడే జరుగుతుంది. మొదటిది కోరిడోరాస్, అడుగున తిరిగే చిన్న మీసాల చేప. సాధువు, అందరితోనూ కలుస్తుందని పేరు. ఆ సాధుత్వమే దాని ప్రాణం మీదికి తెస్తుంది. అడుగున మూతి పెట్టి వెతుక్కుంటూ పోతుంటుంది, హద్దు అనేది దానికి తెలియదు. క్రిబ్ వచ్చి గుద్దితే రెండంగుళాలు జరిగి, మళ్ళీ అదే దారిలో వస్తుంది. మామూలు చేప ఒకసారి తన్ను తిని ఆ మూలకు వెళ్ళడం మానేస్తుంది, కోరీ మానదు. ఒంటి మీద గట్టి పలకలు ఉంటాయి కాబట్టి క్రిబ్ వాటిని వదిలి కళ్ళ మీద పొడుస్తుంది. కన్ను పోయిన కోరీ కనిపిస్తే ఆ ట్యాంకులో గుడ్లు పెట్టారని అనుకోవచ్చు. కూలీ లోచ్‌దీ ఇదే గతి, పైగా అది రాత్రిపూట గుహల్లో దూరుతుంది. బ్రిసిల్‌నోస్ ప్లెకో కూడా గుహలోనే గుడ్లు పెట్టే చేప. ఒకే ముంత కోసం పోటీ.

'సక్కర్' అని అమ్మే పెద్ద ప్లెకో గురించి వేరే చెప్పాలి. నాచు తింటుందని తీసుకుంటారు. అది అడుగు దాటి పెరుగుతుంది, రాత్రి చీకట్లో పిల్లలున్న గుహను ఊడ్చేస్తుంది. మన చెరువుల్లో, కాలవల్లో చేరి వలలు చింపుతూ రైతులూ మత్స్యకారులూ డెవిల్ ఫిష్ అని తిట్టుకునేది ఈ జాతివాటినే. ట్యాంకులో పట్టక ఎవరో బందరు కాలవలోనో ఏలూరు కాలవలోనో వదిలేసినవే అలా వంశం పెంచుకుంటాయి. కొనకపోతే వదిలే పరిస్థితే రాదు. బంగారు రంగు చైనీస్ ఆల్గీ ఈటర్ చిన్నప్పుడు బుద్ధిగానే ఉంటుంది, పెద్దయ్యాక ఇతర చేపల ఒంటి మీది జిగురు నాకడం మొదలుపెడుతుంది. రెడ్ టెయిల్ షార్క్ కూడా నేల నాదనే రకం. టైగర్ బార్బ్, సెర్పే, బ్లాక్ విడో టెట్రాలు రెక్కలు కొరుకుతాయి. గప్పీ తోక, బెట్టా తోక క్రిబ్‌కే ఎర. ఏంజెల్ ఫిష్ నెమ్మదైనది, పైగా అదీ సిక్లిడే, దానికీ గుడ్లు పెట్టే రోజు వస్తుంది. సైనోడాంటిస్, బోటియా లాంటి రాత్రి చేపలు క్రిబ్ చేత చావవు. గుడ్లే మిగలవు. చీకట్లో క్రిబ్‌కు సరిగా కనబడదు, మీసాల చేపకు చూపుతో పనిలేదు. పిల్లలు అక్కర్లేదనుకుంటే పెట్టుకోవచ్చు.

రెండో క్రిబ్ జోడీ సంగతేమిటని అడుగుతారు. నాలుగడుగుల్లో, మధ్యలో చూపు ఆగేలా దుంగలు పేరిస్తే కుదరొచ్చు, మూడడుగుల్లో కుదరదు. ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆడది అసలే వద్దు.

జోడీని ఎలా తెచ్చుకోవాలి? మంచి మార్గం ఆరు పిల్లల్ని తెచ్చి కలిపి పెంచడం. వాటిలో రెండు విడిగా జతపడి మిగతావాటిని తరమడం మొదలుపెట్టాక, ఆ నాలుగింటినీ తీసేయడం. షాపులో ఏదో మగదాన్ని, ఏదో ఆడదాన్ని కలిపి ఇచ్చేస్తే అది జోడీ అవుతుందన్న నమ్మకం లేదు. మగది ఎనిమిది నుంచి పది సెంటీమీటర్లు, పొడుగ్గా ఉంటుంది, వీపు రెక్క చివర మొన తేలి ఉంటుంది. ఆడది పొట్టిగా, గుండ్రంగా, కడుపు చెర్రీ పండు రంగులో. ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. ఈ చేపల్లో తొలి వారాల్లో నీటి పీహెచ్‌ను బట్టి మగ, ఆడ నిష్పత్తి మారుతుంది. పుల్లటి నీళ్ళల్లో పెరిగిన పిల్లల్లో మగవి ఎక్కువ, 7కు అటూ ఇటూ అయితే ఆడవి ఎక్కువ. అందుకని ఒకే చోట పుట్టిన ఆరు పిల్లలూ ఒకే లింగం కావడం ఉంటుంది, వేర్వేరు చోట్ల నుంచి మూడేసి తెచ్చుకోవడం మేలు.

ట్యాంకులో వేసే క్రమం కూడా ముఖ్యమే. ముందు ఫిల్టరు స్థిరపడాలి, అంటే చేపల వ్యర్థాల విషాన్ని విరిచే బ్యాక్టీరియా అందులో పెరగాలి, ఆ విషాలైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాలి. తర్వాత పైన తిరిగే గుంపు. వాళ్ళు మూడు నాలుగు వారాలు కుదురుకున్నాక, విడిగా వేరే ట్యాంకులో అంతే కాలం ఉంచి చూసిన సిక్లిడ్లు ఆఖరున. తిరగేసి సిక్లిడ్లను ముందు వేస్తే ట్యాంకంతా వాటి సొంతం అవుతుంది, తర్వాత వచ్చిన ప్రతి చేపా దొంగే.

గుడ్లు పెట్టే ముందు ఆడది చేసే పని చూడండి. ఒంటిని విల్లులా వంచి, ఎర్రటి కడుపు మగదాని కళ్ళ ముందుకు తెచ్చి, సన్నగా వణుకుతుంది. ఇసుక నోటితో తోడి గుమ్మం దగ్గర గట్టులా పోస్తుంది. తర్వాత రెండు మూడు రోజులు అది కనబడకపోతే కంగారు పడి ముంత ఎత్తకండి, గుడ్లు గుహ పైకప్పుకు అంటించి ఉంటాయి, అది వాటికి రెక్కలతో నీళ్ళు విసురుతూ ఉంటుంది. మూడు రోజులకు పగులుతాయి, ఇంకో నాలుగైదు రోజులకు పిల్లలు గుంపుగా బయటికొస్తాయి. ఏదైనా చేప దగ్గరికి వస్తే తల్లి పొట్ట కింది రెక్కల్ని టక్కున ఆడిస్తుంది. మరుక్షణం ఆ పిల్లలన్నీ ఇసుక మీద పడిపోయి కదలవు, ఇసుక రంగులో కలిసిపోతాయి. నేల మీద రంగు గులకరాళ్ళు వద్దన్నది అందుకు కూడా.

ఈ వారాల్లో మేత రెండు చోట్ల వేయాలి. ముందు ట్యాంకు అవతలి చివర పైన రేకుల మేత వేసి గుంపును అటు లాగండి. అవి తినే సమయంలో గొట్టంతో ఇవతలి మూలలో మునిగే మేత దింపండి. ఒకేచోట వేస్తే రోజుకు రెండుసార్లు మీరే తగువు పెట్టినట్టు. పిల్లలకు అప్పుడే పొదిగిన ఆర్టీమియా, అంటే ఉప్పునీటి బుల్లి రొయ్యలాంటి జీవి, మన తీరంలో రొయ్యల హేచరీలు వాడేదే. లీటరు నీటికి 25 గ్రాముల ఉప్పు, గాలి బాగా, 28 డిగ్రీల దగ్గర ఒక రోజులో పొదుగుతాయి. కాలవ గట్టున దొరికే ట్యూబిఫెక్స్ మాత్రం వద్దు, మురుగులో పెరిగిన పురుగు రోగాలు మోసుకొస్తుంది. నీళ్ళు మార్చడం పదో వంతు చొప్పున, ఎక్కువసార్లు. ఫిల్టరు నీళ్ళు పీల్చే చోట స్పాంజి తొడగండి, లేకపోతే పిల్లలు అందులోకే పోతాయి.

టాంగన్యీకా వైపు వెళ్దాం, దీన్ని క్లుప్తంగానే చెబుతాను. రెండడుగుల ట్యాంకు మాత్రమే ఉన్నవాళ్ళకు నా సలహా ఇదే: మల్టీఫాసియాటస్ ఆరు, ఇసుక రెండంగుళాలు, గుల్లలు పదిహేను ఇరవై. పెద్దది కూడా రెండంగుళాలు మించని చేప, గుల్లలోనే పుట్టి గుల్లలోనే కాపురం పెడుతుంది. గుల్లలు కొనక్కర్లేదు, డెల్టా వరిచేలల్లో ఖాళీ నత్తగుల్లలు కావలసినన్ని. లోపల ఏమీ మిగలకుండా ఉడకబెట్టి, రెండు మూడు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టి, వాసన పూర్తిగా పోయాక వేయండి. ఈ ట్యాంకులో వేరే చేప వద్దు. మూడడుగులైతే గుల్లలు ఒక చివర, రాళ్ళ గుట్ట ఇంకో చివర, ఆ రాళ్ళల్లో ఒక జూలిడోక్రోమిస్ ట్రాన్స్‌క్రిప్టస్ జోడీ. మధ్యలో జానెడు ఖాళీ ఇసుక ఉంటే అదే సరిహద్దు. ఒకసారి జోడీ కుదిరాక ఆ రాళ్ళు శుభ్రం చేద్దామని కదిలించారంటే జోడీ విడిపోయి ఒకదాన్నొకటి చంపుకునే దాకా వస్తాయి. బ్రిచార్డీ అందంగా ఉంటుంది, చవగ్గానూ దొరకొచ్చు. దాని కుటుంబం పెరిగేకొద్దీ ట్యాంకులో మిగతా వంశాలన్నీ ముగుస్తాయి, విడిగా పెంచుకోవాల్సిన చేప.

టాంగన్యీకాకు కేహెచ్ పెంచాలంటే 50 లీటర్లకు 6 గ్రాముల వంటసోడా వేస్తే కేహెచ్ సుమారు 4 డిగ్రీలు పెరుగుతుంది, ఇవి వేడి డిగ్రీలు కావు, కేహెచ్ కొలత. ఒకేసారి కాకుండా రెండు మూడు రోజుల్లో పెంచండి. ఒక జాగ్రత్త. పీహెచ్ 7 దగ్గర, 25 డిగ్రీల వేడిలో, అమ్మోనియాలో విషరూపంలో ఉండేది సుమారు అర శాతం. 8 దగ్గర ఐదు శాతం దాటుతుంది, 9 దగ్గర మూడో వంతు పైనే. క్రిబ్ ట్యాంకులో దాటిపోయే చిన్న పొరపాటు, ఎక్కువ మేతో, కుళ్ళిన నత్తో, ఈ ట్యాంకులో చేపల ప్రాణం తీస్తుంది.

వేసవి గురించి. ఈ చేపలన్నిటికీ 24 నుంచి 27 డిగ్రీలు హాయి. ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్ళల్లో నీళ్ళు 32 దాటతాయి. 25 డిగ్రీల నీటిలో లీటరుకు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 32లో 7.3. తగ్గింది చిన్నదిగానే కనిపిస్తుంది కానీ అదే వేడికి చేపకు కావాల్సిన ఆక్సిజన్ పెరుగుతుంది, గొడవలూ పెరుగుతాయి. మూత తీసి వల పరచి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఉక్కపోత రోజుల్లో అంత దిగదు. ఆవిరైన నీటి స్థానంలో ఆర్వో నీళ్ళే పోయండి. బోరు నీళ్ళు పోస్తూ పోతే సున్నం పేరుకుంటుంది, ఆవిరయ్యేది నీళ్ళే కదా. ఐసు గడ్డలు నేరుగా వేయకండి. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంపు వేసవిలో ప్రతి ట్యాంకుకూ ఉండాలి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: సార్, మా ట్యాంకులో క్రిబ్ జోడీ, ఆరు కోరీలు ఇప్పటికే ఉన్నాయి. మూడడుగులు. ఇప్పుడేం చేయాలి?)

గుడ్లు పెట్టారా అండీ ఇంకా? లేదంటున్నారు. అయితే మీకు వ్యవధి ఉంది. ముందు కోరీలకు వేరే ఇల్లు చూడండి, రెండడుగుల ట్యాంకు చాలు, ఆరుంటే అక్కడే హాయిగా ఉంటాయి. అది కుదిరేదాకా గుహలన్నీ తీసేయండి. గుహ లేకపోతే క్రిబ్‌లకు గుడ్లు పెట్టే ఊపు తగ్గుతుంది, పూర్తిగా ఆగుతుందని కాదు. ఈలోపే గుడ్లు కనబడితే ట్యాంకును అడ్డంగా ప్లాస్టిక్ వలతో విడదీయండి, మూడో వంతు జోడీకి, మిగతాది కోరీలకు. వల అడుగు ఇసుకలో రెండంగుళాలు దిగాలి, క్రిబ్‌లు కింద తవ్వి అవతలికి వస్తాయి.

(సభలోంచి: ఆడ క్రిబ్ ఎప్పుడూ హీటరు వెనకే ఉంటోందండీ. తోక కూడా చిరిగింది.)

అది దాక్కోవడం కాదమ్మా, పారిపోవడం. మగది దాన్ని ఒప్పుకోలేదు. ఇవాళే విడదీయండి. అదే వల మధ్యలో పెట్టి, ఒకదానికొకటి కనబడేలా పది రోజులు ఉంచండి. ఆడది కడుపు ఎరుపెక్కి వల దగ్గరికి తనంతట తానే వచ్చి వంగి వణుకుతుంటే వల తీసి చూడొచ్చు. తీసిన తర్వాత గంటసేపు దగ్గరుండండి. మళ్ళీ తరిమితే ఆ మగది దానికి జత కాదు, వేరే మగదాన్ని చూడండి. పైన గుంపు ఎన్ని ఉన్నాయి? రెండు టెట్రాలేనా? అదీ ఒక కారణమే. ముందు వాటిని పది చేయండి.